ఒంట్లో కాపురం
యల్లాప్రగడ సుబ్బారావు స్మారక ఉపన్యాసం



మా నాయనమ్మకు ఎడమకాలు బోద. మోకాలి కింద నుంచి పాదం దాకా లావుగా, నల్లగా, చేత్తో నొక్కితే చెక్కలా ఉండేది. కుచ్చిళ్ళు నేలకు రాసుకునేలా చీర కట్టేది. పెళ్ళిళ్ళకు వచ్చినా పందిట్లో కూర్చునేది కాదు. వంటల దగ్గర పీట వేసుకుని కూరలు తరుగుతూ ఉండిపోయేది. నెలకో రెండు నెలలకో ఉన్నట్టుండి ఒణుకు పుట్టేది. గజ్జల్లో బిళ్ళ కట్టేది, కాలు ఎర్రబడి సలసలా కాగేది. నాలుగైదు రోజులు దుప్పటి ముసుగేసుకుని మూలుగుతూ పడుకునేది. లేచేసరికి కాలు మునుపటికన్నా రవ్వంత పెరిగి ఉండేది. ఇంట్లో ఎవరమూ దాన్ని జబ్బుగా లెక్కవేయలేదు. ఆ రోజుల్లో గోదావరి డెల్టాలో వీధికొక బోదకాలు ఉండేది. ఆ ఊరి నీళ్ళు అంతే అనేవారు.

జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు పుట్టింది ఆ డెల్టాలోనే, 1895 జనవరి 12న భీమవరంలో. ఆయన పేరిట జరిగే సభల్లో సాధారణంగా ఏటీపీ గురించి, ఫోలిక్ ఆసిడ్ గురించి, కేన్సరు మందుల గురించి మాట్లాడతారు. మాట్లాడాలి కూడా. నేను మాత్రం మా నాయనమ్మ కాలి గురించి మాట్లాడతాను. సూక్ష్మజీవి మనిషి ఒంట్లో ఎలా బతుకుతుంది, ఎప్పుడు రోగమవుతుంది అన్న ప్రశ్నకు నాకు తెలిసినంతలో ఇంత నిండుగా జవాబు చెప్పే జబ్బు మరొకటి లేదు. ఆ జవాబులోని రెండు ముఖ్యమైన ముక్కలు సుబ్బారావుగారి ప్రయోగశాల నుంచే వచ్చాయి. ఆ రెండూ ఒకచోట కలిసేనాటికి ఆయన లేరు.

వైద్యకళాశాలలో చేరిన కొత్తలో మా బుర్రల్లో ఉన్న లెక్క చాలా సులువైనది. క్రిమి ఒంట్లోకి వస్తుంది, రోగం వస్తుంది. క్రిమిని చంపితే రోగం పోతుంది. కలరాకో, న్యుమోనియాకో ఈ లెక్క చాలావరకు సరిపోతుంది. ఈ లెక్కతోనే నేను ఉద్యోగంలో చేరాను. నా మొదటి పని రాత్రి రక్తపరీక్షలు. అక్కడే లెక్క తప్పింది.

రాత్రి రక్తపరీక్ష అంటే ఏమిటో ఇక్కడున్న చిన్నవాళ్ళకు తెలియకపోవచ్చు. రాత్రి ఎనిమిదిన్నర దాటాక లాంతరు, గాజుపలకలు, సూదులు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళేవాళ్ళం. నిద్రపోతున్నవాళ్ళను లేపి వేలికొసన గుచ్చి రక్తం తీసేవాళ్ళం. కుక్కలు మొరిగేవి, పసిపిల్లలు ఏడ్చేవారు, మగవాళ్ళు కసిరేవారు. ‘పగలు రాకూడదా నాయనా’ అని ఒక ముసలాయన అడిగితే, పగలైతే ఆ పురుగులు దొరకవు తాతా అని చెప్పాను. ఆయన నమ్మలేదు. నిజానికి నమ్మదగ్గ మాటలా ఉండదు కూడా.

బోదకాలు తెచ్చే ఈ పురుగు పేరు వుకరేరియా బాంక్రాఫ్టి, జబ్బు పేరు ఫైలేరియా. పెద్ద పురుగులు సన్నని తెల్లదారాల్లా ఉంటాయి. ఆడది ఎనిమిది నుంచి పది సెంటీమీటర్లు, మగది అందులో సగం. ఇవి రక్తంలో ఉండవు. రక్తనాళాల పక్కనే మరో కాలవల వ్యవస్థ ఉంది. కణాల మధ్య ఊరిన నీటిని తోడి తిరిగి రక్తంలో కలిపే శోషరస నాళాలు అవి. ఆ కాలవల్లో ఆడా మగా చుట్టలు చుట్టుకుని ఆరు నుంచి ఎనిమిదేళ్ళు కాపురం చేస్తాయి. ఆ కాలంలో లక్షల సంఖ్యలో పిల్లల్ని కంటాయి. ఆ పిల్లపురుగులే మైక్రోఫైలేరియాలు. మిల్లీమీటరులో పావువంతు పొడవు, ఎర్ర రక్తకణం అంత మందం. కంటికి కనిపించవు. రక్తంలో తిరిగేవి ఇవే.

మైక్రోఫైలేరియాలు పగలంతా ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాల్లో దాక్కుంటాయి. రాత్రి పది దాటాక, రెండు గంటల లోపు, చర్మం దగ్గరి రక్తంలోకి గుంపులుగా వస్తాయి. మన ప్రాంతంలో వీటిని మోసే దోమ క్యూలెక్స్. మురుగుకాలవల్లో, నిలవ నీటి గుంటల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో పెరిగి, రాత్రిపూట కుట్టే దోమ. అది వచ్చే వేళకు ఇవి గుమ్మంలో నిలబడతాయి. పగలు కుట్టే దోమలు మోసే కొన్ని పసిఫిక్ దీవుల్లో ఇదే పురుగు పిల్లలు పగలు కూడా రక్తంలో కనిపిస్తాయి. రాత్రి ఉద్యోగం చేసి పగలు పడుకునేవాళ్ళలో ఈ వేళ తలకిందులవుతుందని వందేళ్ళ కిందటే తెలుసుకున్నారు. పురుగు దగ్గర గడియారం లేదు. మనిషి నిద్రను బట్టి అది కాలం లెక్కపెట్టుకుంటుంది. చీకటి గదిలో నిద్రపోయే మనిషి, ఆ గదిలోకి వచ్చే దోమ, ఈ రెండింటి అలవాట్లనూ ఒక కన్నూ చెవీ లేని ప్రాణి తన జీవితంలో కలిపేసుకుంది. ఇలా ఒకదాని అలవాటు మరొకదానిలో ఇంకిపోవడానికి ఎన్ని వేల తరాలు గడిచి ఉంటాయో తలచుకుంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

1872లో కలకత్తాలో తిమొతీ లూయిస్ మనిషి రక్తంలో ఈ పిల్లపురుగుల్ని చూశాడు. 1877లో చైనా తీరంలోని అమోయ్‌లో పాట్రిక్ మాన్సన్ అవి దోమ కడుపులో పెరగడం చూశాడు. మనిషి రోగాన్ని ఒక కీటకం మోస్తుందని తెలియడం అదే మొదలు. అయితే ఆ దోమ నీళ్ళలో పడి చస్తే, ఆ నీళ్ళు తాగినవాళ్ళకు జబ్బు అంటుతుందని మాన్సన్ అనుకున్నాడు. ‘ఆ ఊరి నీళ్ళు అంతే’ అన్న మా ఊరివాళ్ళు ఆయనకన్నా వెనకబడి ఏమీ లేరు. 1900లో జార్జ్ కార్మైకేల్ లో అనే ఆయన దోమ తొండంలోనే పురుగుల్ని చూపించాక గానీ ఆ భ్రమ వదల్లేదు. సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ 1897లో మలేరియా దోమను కోసి చూడటానికి ప్రేరణ ఈ మాన్సనే.

దోమ ఒంట్లో ఈ పురుగు పెరుగుతుంది గానీ పిల్లల్ని పెట్టదు. మలేరియా క్రిమి దోమలో వందలూ వేలుగా పెరుగుతుంది. ఫైలేరియాలో ఎన్ని లోపలికి వెళ్ళాయో, మహా అయితే అన్నే బయటికి వస్తాయి. పది పన్నెండు రోజులు పెరిగాక దోమ తొండం దగ్గరికి చేరి, కుట్టిన చోట చర్మం మీదకి జారి, ఆ గాయంలోంచి తమంతట తామే పాకి లోపలికి దూరాలి. చాలావరకు దారిలోనే ఎండి చస్తాయి. అందుకే ఒక్క దోమకాటుతో ఫైలేరియా రాదు. ఏళ్ళ తరబడి, వందల వేల సార్లు కుట్టించుకోవాలి. అంటే ఇది బాటసారి జబ్బు కాదు, ఆ ఊళ్ళో పుట్టి, ఆ మురుగు పక్కనే పడుకునేవాళ్ళ జబ్బు.

ఇక నా లెక్క తప్పిన చోటికి వస్తాను. రాత్రి తీసిన రక్తపలకల్ని పొద్దున సూక్ష్మదర్శిని కింద పెడితే, పిల్లపురుగులు కుప్పలుగా కనిపించినవాళ్ళు ఎవరు? కాళ్ళు నున్నగా, నిటారుగా ఉండి, పొలం పనులు చేసుకునేవాళ్ళు. జ్వరం లేదు, నొప్పి లేదు, ఏమీ తెలియదు. మరి బోదకాళ్ళవాళ్ళ పలకలు? చాలామందివి ఖాళీ. ఒక్క పురుగు కూడా లేదు. నేను పలకల నెంబర్లు తారుమారయ్యాయనుకుని మళ్ళీ చూశాను. తారుమారు కాలేదు. పురుగున్న చోట రోగం లేదు, రోగమున్న చోట పురుగు లేదు.

దీని వెనకున్న సంగతి ఇది. బతికున్న పెద్ద పురుగు శోషరస నాళంలో ఉన్నంతకాలం మనిషి రోగనిరోధక వ్యవస్థ పొగరు తగ్గించి ఉంచుతుంది. కొన్ని పదార్థాలను స్రవించి, నిగ్రహించే పని చేసే టి కణాలను పెంచుతుంది. వాటితోపాటు మంటను అణిచే ఇంటర్‌ల్యూకిన్-10 పెరుగుతుంది. పురుగును తరిమికొట్టే ప్రతిరక్షకాల స్థానంలో, దాని జోలికి పోని ఐజీజీ-4 రకం ప్రతిరక్షకాలు ఎక్కువవుతాయి. ఒంట్లో సైన్యం ఉంది, ఆయుధాలున్నాయి, కానీ ఆ ఒక్క ఇంటి జోలికి పోవద్దని ఆజ్ఞ. ఇది పురుగుకు లాభం. మనిషికీ ఒక విధంగా లాభమే, ఎందుకంటే ఆ సైన్యం విరుచుకుపడితే ముందు పాడయ్యేది తన సొంత నాళాలే.

ఈ రాజీ అందరి ఒంట్లోనూ కుదరదు. రెండో ప్రపంచయుద్ధంలో సమోవా తదితర పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికా సైనికుల సంగతి దీనికి సాక్ష్యం. నెలల్లోనే వాళ్ళకు చేతులు, కాళ్ళు, వృషణాలు వాచి, జ్వరాలు పట్టుకున్నాయి. వేలమందిని వెనక్కి పంపారు. ఏనుగుకాళ్ళు వచ్చి, పిల్లలు పుట్టక జీవితం వృథా అవుతుందేమోనని ఆ కుర్రాళ్ళు హడలిపోయారు. కానీ వాళ్ళ రక్తంలో మైక్రోఫైలేరియాలు దాదాపు ఎవరిలోనూ దొరకలేదు. అదే ఊళ్ళలో పుట్టి పెరిగిన దీవివాసుల రక్తంలో పురుగులున్నాయి, వాపు లేదు. దోమ ఒకటే, పురుగు ఒకటే. తల్లి గర్భంలో ఉన్నప్పుడే ఆ పురుగు వాసన తగిలిన ఒళ్ళు ఒక రకంగా స్పందించింది, ఇరవై ఏళ్ళొచ్చాక మొదటిసారి చూసిన ఒళ్ళు మరో రకంగా.

దీనికి ఇంకో కొస కూడా ఉంది. అది మన మదనపల్లెలో బయటపడింది. అక్కడి ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రికి దగ్గు, ఆయాసం, జ్వరం, చిక్కిపోవడంతో వచ్చిన కొందరికి ఛాతీ ఫోటోలో క్షయలాగే మచ్చలుండేవి. కానీ క్షయ క్రిమి దొరికేది కాదు. రక్తంలో ఇయొసినోఫిల్ కణాలు మాత్రం విపరీతంగా ఉండేవి. ఫ్రిమోట్ మోలర్, బార్టన్ అనే ఇద్దరు వైద్యులు 1940లో దీని గురించి రాశారు. తర్వాత తెలిసింది, అవి ఫైలేరియా రోగుల ఊపిరితిత్తులు. రాజీకి ఒప్పుకోని ఒళ్ళు అది. పగలు ఊపిరితిత్తుల్లో దాక్కోవడానికి వచ్చిన ప్రతి పిల్లపురుగునూ అక్కడే చంపి, ఆ చంపడంలో తన ఊపిరితిత్తులనే కాల్చుకుంటుంది. రక్తంలో పురుగు లేకుండా చేయగలిగింది, ఊపిరి మాత్రం ఆడదు. పురుగు మీద గెలిచినవాడు మంచాన పడ్డాడు.

ఇంత చెప్పాక సుబ్బారావుగారి దగ్గరికి వెళ్ళవచ్చు. ఆయనది కూడా సూక్ష్మజీవులు, ఆహారం, పేగులు కలిసిన బాధతోనే మొదలైన జీవితం. అన్నదమ్ములిద్దరు స్ప్రూ వ్యాధితో కొద్దిరోజుల తేడాలో పోయారు. ఆయనకూ అది సోకి బతికారు. ఖద్దరు గౌను వేసుకుని మద్రాసు వైద్యకళాశాలలో శస్త్రచికిత్స తరగతికి వెళ్ళినందుకు ఎం.బి.బి.ఎస్. దక్కక ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్న కథ మీకందరికీ తెలిసిందే. 1923 అక్టోబరులో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదివి, అక్కడే జీవరసాయనశాస్త్రంలో స్థిరపడ్డారు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళి, అక్కడ పరిశోధనకు అధిపతి అయ్యారు.

పసిఫిక్ సైనికుల గొడవతో అమెరికాకు ఫైలేరియా మందు కావలసివచ్చింది. లెడర్లీలో పత్తిచేల ఎలుకలను తెచ్చారు. వాటికి సొంత ఫైలేరియా పురుగు ఒకటుంది. ఒకదాని తర్వాత ఒకటిగా రసాయనాలను ఆ ఎలుకలకు ఎక్కించి చూశారు. పిపెరజీన్ కుటుంబంలోని ఒక పదార్థం రక్తంలోని పిల్లపురుగుల్ని తుడిచిపెట్టింది. అదే డైఇథైల్‌కార్బమజీన్. వ్యాపారనామం హెట్రజాన్. 1947లో ఆ పరిశోధనను ప్రకటించిన బృందంలో సుబ్బారావుగారి పేరుంది. ఇప్పటికీ మన ఊళ్ళలో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తెచ్చి మింగించే ఫైలేరియా మాత్ర అదే. ఎనభై ఏళ్ళకు దగ్గరవుతున్నా దాన్ని పక్కన పెట్టలేకపోయాం.

ఆ మాత్ర పనిచేసే తీరులోనే అసలు సంగతి ఉంది. పిల్లపురుగుల్ని గాజుపాత్రలో వేసి, మందు మింగిన మనిషి రక్తంలో ఎంత ఉంటుందో అంతే మందు కలిపితే అవి చావవు. హాయిగా మెలికలు తిరుగుతూనే ఉంటాయి. అదే మందు మనిషి మింగితే కొన్ని గంటల్లో రక్తం ఖాళీ అవుతుంది. అంటే మందు పురుగును చంపడం లేదు. చంపుతున్నది ఒళ్ళే. ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు, రక్తనాళాల గోడలు అన్నీ అందులో పాలుపంచుకుంటాయి. నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఒక ఎంజైము లేకుండా పుట్టించిన ఎలుకల్లో ఈ మందు పనిచేయలేదని 2005లో చూపించారు. పురుగు వేసిన మత్తులోంచి ఒంటిని తట్టి లేపడమే ఈ మాత్ర చేసే పని అని నేను విద్యార్థులకు చెబుతుండేవాణ్ణి. పోలిక పూర్తిగా సరైంది కాదు, కానీ గుర్తుంటుంది.

లేచిన ఒళ్ళు ఊరికే ఉండదు. రక్తంలో పురుగులు ఎక్కువగా ఉన్న మనిషికి మాత్ర మింగిన రాత్రే జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు వస్తాయి. ఈ విషయంలో నేనొక తప్పు చేశాను. ఒక ఊళ్ళో మాత్రలు మింగించేటప్పుడు ఈ మాట ముందుగా చెప్పలేదు. చెబితే భయపడి మింగరనుకున్నాను. ఆ రాత్రి నలుగురైదుగురికి జ్వరాలు వచ్చాయి. ఒక కుర్రాడు వాంతులు చేసుకున్నాడు. పొద్దున్నే ఊరంతా మా జీపు చుట్టూ మూగింది. ‘బాగున్న మనుషుల్ని మంచానెక్కించారు’ అని ఒకావిడ ఏడ్చింది. ఆవిడ అన్నదాంట్లో అక్షరం తప్పు లేదు. వాళ్ళు నిజంగా బాగున్న మనుషులే. మేం వాళ్ళ ఒంట్లో కుదిరిన రాజీని చెడగొట్టాం. ఎందుకు చెడగొట్టాలో, అది పక్కింటి పిల్లల కోసమనీ, వచ్చే పదేళ్ళ తర్వాతి వాళ్ళ కాళ్ళ కోసమనీ ముందురోజు అరుగు మీద కూర్చుని చెప్పి ఉండాల్సింది. తర్వాత మూడేళ్ళపాటు ఆ ఊళ్ళో మాత్రలు చూరులో దోపేసేవారు, లేకపోతే గేదెల కుడితిలో పారేసేవారు. ఆ ఊరి నమ్మకం మళ్ళీ సంపాదించడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మాత్ర పిల్లపురుగుల్ని తుడిచేస్తుంది గానీ, పెద్ద పురుగుల్ని అన్నింటినీ చంపలేదు. మిగిలినవి కొన్నాళ్ళకు మళ్ళీ పిల్లల్ని పెడతాయి. అందుకే మన దేశంలో ఈ జబ్బున్న జిల్లాల్లో 2004 నుంచి ఏటా ఊరందరికీ ఈ మాత్ర ఇస్తున్నారు. తర్వాత దానికి ఆల్బెండజోల్ తోడైంది, 2018 నుంచి కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా చేరింది. చైనా ఉప్పులో ఈ మందు కలిపి పెట్టి జబ్బును వదిలించుకుంది. శ్రీలంక 2016లో బయటపడింది. మనం ఇంకా ఆ దారిలోనే ఉన్నాం.

సుబ్బారావుగారి ప్రయోగశాల ఇచ్చిన జవాబులో ఈ మాత్ర మొదటి ముక్క. రెండో ముక్క 1948ది. సుబ్బారావుగారి పర్యవేక్షణలో, లెడర్లీలోనే, బెంజమిన్ డగ్గర్ అనే వయసు మళ్ళిన వృక్షశాస్త్రవేత్త మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలంలోంచి వచ్చిన మట్టిలో ఒక బంగారు రంగు సూక్ష్మజీవిని పట్టుకున్నారు. దానినుంచి తీసిన మందు ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ల వంశానికి అదే మూలపురుషుడు. ఆ జూలైలో దాన్ని లోకానికి చెప్పారు. ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. యాభైమూడేళ్ళు.

ఫైలేరియాకు, ఆ మందుకు సంబంధం ఉందని ఎవరూ అనుకోలేదు. ఆరియోమైసిన్ బాక్టీరియాను చంపేది, ఫైలేరియాను తెచ్చేదేమో పురుగు. కానీ 1970లలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసినవాళ్ళకు ఫైలేరియా పురుగు కణాల్లో, ఆడపురుగు అండాల్లో, బాక్టీరియాలాంటి గుండ్రని మచ్చలు కనిపించాయి. ఇరవై ఏళ్ళ తర్వాత జన్యువులు చదివితే తేలింది: అవి వోల్బాకియా.

వోల్బాకియాను మొదట కనుక్కున్నది 1924లో, హార్వర్డ్‌లో. మార్షల్ హెర్టిగ్, బర్ట్ వోల్బాక్ అనే ఇద్దరు ఇంటి దోమ అండాశయంలో దాన్ని చూశారు. ఆ దోమ మన ఫైలేరియా దోమకు దగ్గరి చుట్టం. అప్పటికి సుబ్బారావుగారు అదే హార్వర్డ్‌లో విద్యార్థి. వాళ్ళు కలిశారని గానీ, ఆ సంగతి ఆయన చెవిన పడిందని గానీ నేను చెప్పడం లేదు. ఆ ఏడాది అక్కడ ఎవరికీ దాని విలువ తెలియదు. ఒక దోమలో ఉన్న ఏ హానీ చేయని క్రిమి అది, అంతే.

ఫైలేరియా పురుగులో ఈ వోల్బాకియా అతిథి కాదు. తల్లిపురుగు అండం ద్వారా పిల్లలకు వారసత్వంగా వస్తుంది. అది లేకపోతే పురుగు బతకలేదు. 2005లో వోల్బాకియా జన్యుక్రమం, 2007లో దాన్ని మోసే బ్రూజియా మలయి అనే మరో ఫైలేరియా పురుగు జన్యుక్రమం బయటికి వచ్చాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే పురుగు ఇంట్లో లేని సరుకులు కొన్ని తేలాయి. హీమ్ తయారుచేసే సామర్థ్యం పురుగుకు పూర్తిగా లేదు, వోల్బాకియాకు ఉంది. రైబోఫ్లేవిన్ అనే బి-విటమిన్ తయారీ పురుగుకు లేదు, వోల్బాకియాకు ఉంది. జీవితమంతా విటమిన్ల వెంట, కణం తినే తిండి వెంట పడిన సుబ్బారావుగారు ఈ పేజీ చూసి ఉంటే ఎంత సంతోషపడేవారో!

టెట్రాసైక్లిన్ వంశపు డాక్సీసైక్లిన్ రోజూ నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఇస్తే పురుగులోని వోల్బాకియా చస్తుంది. అప్పుడు ఆడపురుగు గొడ్రాలవుతుంది. పిండాలు మధ్యలోనే ఆగిపోతాయి. ఆ తర్వాత ఏడాదో ఏడాదిన్నరో గడిచేసరికి పెద్దపురుగులు కూడా ఒక్కొక్కటే చచ్చిపోతాయి. 2005లో టాంజానియాలో చేసిన ప్రయోగం ఈ సంగతిని మనుషుల్లో నిరూపించింది. సుబ్బారావుగారి రెండు మందులూ, ఒకటి ఒంటి ద్వారా, ఒకటి పురుగు ఇంటి మనిషి ద్వారా, ఒకే పురుగు దగ్గర కలిశాయి.

మరి ఊరందరికీ డాక్సీసైక్లినే ఎందుకివ్వడం లేదని అడుగుతారు. వారాల తరబడి రోజూ మింగాలి. గర్భిణులకు, చిన్నపిల్లలకు ఇవ్వకూడదు. ఏడాదికి ఒక పూట మింగించడానికే నానా తంటాలు పడుతున్న చోట అది కుదిరే పని కాదు. తక్కువ రోజుల్లో వోల్బాకియాను చంపే మందుల కోసం వెతుకుతున్నారు. దొరికితే బాగుండు.

అయితే పురుగు చచ్చిపోయినంత మాత్రాన మా నాయనమ్మ కాలు తగ్గదు. ఇది నాకు అన్నిటికన్నా ఆలస్యంగా తెలిసింది. తెలియాల్సినంత తొందరగా తెలియనందుకు నాకిప్పటికీ బాధ.

బతికున్న పురుగు చేసే నష్టం చప్పుడు లేకుండా జరుగుతుంది. అది కాపురమున్న నాళం వెడల్పవుతుంది. నాళంలో ఒకవైపుకే తెరుచుకునే కవాటాలుంటాయి. గోడలు విడిపోయేసరికి అవి మూసుకోవు. పైకి పోవాల్సిన శోషరసం కిందికి జారి కాలిలో నిలిచిపోతుంది. ఆ నీటిలో మాంసకృత్తులుంటాయి. గట్టు తెగిన కాలవ పక్క చేనులా ఆ కాలు ఎప్పుడూ చిత్తడే. అక్కడికి రోగనిరోధక కణాలు సరిగ్గా రాలేవు, పోలేవు. వేళ్ళ సందుల్లో చర్మం నానుతుంది, ఒరుస్తుంది, పగుళ్ళిస్తుంది. మన చర్మం మీద రోజూ ఉండే స్ట్రెప్టోకాకస్‌లాంటి బాక్టీరియా ఆ పగులులోంచి లోపలికి దిగుతుంది. మామూలు కాలిలో అది దిగినా ఏమీ చేయలేదు. ఈ కాలిలో దానికి అడ్డెవరూ లేరు. ఒణుకు, జ్వరం, గజ్జల్లో బిళ్ళ, ఎర్రబారిన కాలు. నాలుగైదు రోజులకు అది తగ్గుతుంది. వెళ్తూ వెళ్తూ మరికొన్ని నాళాలను పూడ్చేసి పోతుంది. చర్మం కింద పీచు పేరుకుంటుంది. కాలు ఇంకొంచెం పెరుగుతుంది. మడతలు పెరుగుతాయి, మడతల్లో మళ్ళీ పగుళ్ళు.

నెలనెలా మా నాయనమ్మకు వచ్చిన జ్వరం పురుగుది కాదు. ఆ పురుగులు ఎప్పుడో చచ్చిపోయి ఉంటాయి. అది వేలి సందులోంచి వచ్చిన జ్వరం. ఈ మాటను గట్టిగా చెప్పినవారు బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో పనిచేసిన జెరూసా డ్రేయర్ అనే వైద్యురాలు. ఆవిడ రోగుల వేళ్ళ సందులు విప్పదీసి, అక్కడి పగుళ్ళను, పుండ్లను లెక్కపెట్టారు. ఎన్ని దారులుంటే అన్ని జ్వరాలు. కాలు శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, ఆ దారులు మూస్తే జ్వరాలు ఆగాయి.

చేయాల్సింది ఇంతే. రోజుకు రెండుసార్లు, లేకపోతే కనీసం రాత్రి పడుకునే ముందు, చల్లని మంచినీళ్ళతో, మామూలు సబ్బుతో కాలు కడగాలి. నురుగు వేళ్ళ మధ్య దాకా పోవాలి, మడతల్లోకి పోవాలి. రుద్దకూడదు. ఆ తర్వాత పొడిగుడ్డతో అద్దాలి. వేళ్ళ సందుల్లో తడి అస్సలు మిగలకూడదు. గుడ్డను సన్నగా మడిచి ప్రతి సందులోనూ దూర్చి ఆరబెట్టాలి. పగులుంటే మందు పూయాలి. పడుకున్నప్పుడు కాలు ఎత్తులో ఉంచాలి. మడమను పైకి కిందికి ఆడిస్తూ ఉండాలి. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కల్లో ఈ జబ్బు వల్ల సుమారు 2.5 కోట్లమంది మగవాళ్ళు వరిబీజంతో, 1.5 కోట్లకు పైగా మనుషులు వాచిన కాళ్ళూ చేతులతో ఉన్నారు. వరిబీజానికి ఆపరేషనుంది. కాలికి ఈ నీళ్ళ బక్కెట్టూ సబ్బూ మాత్రమే ఉన్నాయి.

మా ఫైలేరియా కార్యక్రమం ఏళ్ళ తరబడి పురుగును లెక్కపెట్టింది. రక్తపలక ఖాళీగా ఉంటే మా రిజిస్టరులో ఆ మనిషి లేనట్టే. బోదకాలు మనిషి మా దగ్గరికొస్తే ‘నీలో పురుగు లేదమ్మా, మందు అక్కర్లేదు’ అని పంపేసేవాళ్ళం. అది అబద్ధం కాదు. కానీ ఆవిడ అడిగింది పురుగు గురించి కాదు, కాలు గురించి. నా చేత్తో నేను అలా పంపినవాళ్ళు ఎంతమందో నాకు తెలుసు.

ఉద్యోగం చివరి సంవత్సరాల్లో, చూరులో మాత్రలు దోపుకున్న ఆ ఊరికే మళ్ళీ వెళ్ళాను. ఈసారి బక్కెట్టు, సబ్బు, తువ్వాలు తీసుకెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఒక నడివయసు ఆవిడ కాలు నేనే కడిగాను. ఆవిడ కాలు వెనక్కి లాక్కుంది. ‘వద్దు బాబూ, మీరు ముట్టుకోకండి, పాపం’ అంది. కడుగుతుంటే వేళ్ళ మధ్య మూడు పగుళ్ళు బయటపడ్డాయి. అవి ఉన్నాయని ఆవిడకు తెలియదు. అంత లావు కాలి వేళ్ళ సందుల్లోకి తొంగిచూడడం ఆవిడకు ఎప్పుడూ కుదరలేదు. గుడ్డ ఎలా మడవాలో, ఎలా దూర్చాలో చూపించాను. ఆవిడ కూతురు పక్కన కూర్చుని నేర్చుకుంది.

నెలకొకసారి వచ్చే జ్వరం ఆ ఏడాదంతటికీ రెండుసార్లే వచ్చింది. తర్వాతి ఏడు ఒక్కసారి. కాలు చిన్నదేమీ కాలేదు; పెరగడం ఆగింది, చర్మం మెత్తబడింది, వాసన పోయింది. మంచాన పడే రోజులు పోయేసరికి కూలికి పిలవడం మొదలుపెట్టారట.

కిందటేడు వానాకాలంలో అటు వెళ్ళినప్పుడు ఆవిడ ఇంటి తలుపు గొళ్ళెం వేసి ఉంది. ఎక్కడికెళ్ళిందని పక్కింటివాళ్ళను అడిగాను. నాట్లకు వెళ్ళిందన్నారు. గట్టు మీద పెట్టుకోవడానికి పొడిగుడ్డ పట్టుకుని వెళ్ళిందట.